నేల విడిచిన ఇరుసులు

బేతంచెర్లలో డోన్ రోడ్డు పక్కనున్న ఓబుళేశు షెడ్డులో పొద్దున్నే జరిగే మొదటి పని, కట్టేసిన ఇరుసుల తాళ్లు చూసుకోవడం. గాలికి ముడులు వదులైతే బిగించాలి. లోపల పగులు దాచుకున్న ఇరుసు నేల మీద నిలవదు. డీజిలుతో కడిగి, తుడిచి, వట్టి నేల మీద పెడితే, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా బెత్తెడో జానెడో పైకి లేస్తుంది. ఆరుగురు పట్టినా మోయలేని ఇనుము గాల్లో నిలబడితే అక్కడ ఎవరికీ ఏమీ అనిపించదు. ఎనుమును కట్టినట్టు నేలలో పాతిన రాతికూసానికి కట్టేస్తారు, అంతే. వాటి నీడన కోళ్లు పడుకుంటాయి. పక్కింటి ప్రేమమ్మ వాటి మీద చీరలు ఆరేసుకుంటుంది. గొణిగేది పాత ఇనుము కొనే బసవన్న ఒక్కడే. "కాటా మీద పెడితే ముల్లు కదలదు. ఏమని కొనాలప్పా వీటిని?" అంటాడు.

ఓబుళేశు బతుకంతా లారీల ముందు ఇరుసులు ఎంచడంతోనే గడిచింది. ఆ చుట్టుపక్కలంతా నాపరాతి గనులు. గని అడుగు నుంచి బండలు పైకి తేవాలంటే లారీని వెనక చక్రాలు తోస్తే చాలదు, ముందు చక్రాలు కూడా లాగాలి. అందుకని వేలంలో పాత మిలిటరీ లారీల ముందు ఇరుసులు కొని, మామూలు లారీలకు ఎక్కిస్తారు. ఎక్కించడం ఏ మెకానిక్కైనా చేస్తాడు. ఎంచడం దగ్గరే తెలుస్తుంది ఎవరెంతవాడో. ఇరుసుకు కొట్టిన రేకు మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. ఓబుళేశు సుద్దముక్కతో గీత గీసి, రెండు చక్రాలనూ కలిపి ఒక్క చుట్టు తిప్పించి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. ఆ లెక్క వెనక ఇరుసు లెక్కతో కలవాలి. కలవకపోతే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుని, బండి ముక్కలవుతుంది. పళ్లచక్రాలుండే గుండ్రటి ఉబ్బును ఆయన బుర్ర అంటాడు. బండి కింద షాఫ్టు ఏ పక్కకు దిగుతుందో బుర్ర ఆ పక్కే ఉండాలి. కమాను పట్టీలు కూర్చునే చోటు సరిపోవాలి. ఇవన్నీ కుదిరాక, చిట్టచివర ఇరుసును నేల మీద పెట్టించి, పక్కన కూర్చుని టీ తాగుతాడు.

పదకొండేళ్ల కిందట ఒక్కసారి ఆ టీ తాగలేదు.

అప్పుడు మారెన్న ఉండేవాడు. గని లారీ డ్రైవరు, ఓబుళేశుకు వరసకు అన్న, అంతకు మించి స్నేహితుడు. ఆయన బండికి ఇరుసు కావాలంటే ఓబుళేశే వేలానికి పోయి, నలభై ఇరుసుల్లోంచి ఒకదాన్ని ఎంచి, "దీనికి సాటి వచ్చేది జిల్లాలో ఇంకోటి ల్యా" అని పదిమందిలో మీసం తిప్పి వచ్చాడు. షెడ్డులో కడిగి నేల మీద పెడితే అది రెండు వేళ్లు లేచింది. రెండే. మారెన్న టీ తేవడానికి హోటలుకు పోయాడు. చూసినవాళ్లు లేరు. తప్పు ఎంచానని ఒప్పుకుంటే ఊరు నవ్వుతుంది. ఓబుళేశు అటూ ఇటూ చూసి, గోడకు ఆనించిన పాలిష్ బండను ఒకదాన్ని ఈడ్చి ఇరుసు మీదికి వాల్చాడు. ఇరుసు అణిగింది. లారీ బరువు పడితే ఇట్లాగే అణిగి ఉంటుందిలే అనుకున్నాడు. ఎంత బుద్ధిలేని మాటో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది, కానీ ఆ నిమిషంలో ఆయనకు అదే సబబుగా తోచింది. టీ గ్లాసులతో వచ్చిన మారెన్న బండ సంగతి పట్టించుకోక, నేలకు ఆనిన ఇరుసును చూసి, "ఏం కూసుండాదిరా, బంగారం" అన్నాడు.

మూడో వారంలో గని మలుపులో అది విరిగింది. లారీ బండలతో సహా కిందికి పోయింది. మారెన్న పోయాడు. తాగి నడిపాడని గని యజమాని అన్నాడు. పెద్దమనుషులు ఓబుళేశును పిలిచి ఇరుసు ఎట్లా ఉండేదని అడిగారు. "బాగానే ఉండె" అన్నాడు.

ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయనకు పదకొండేళ్లలో ఎన్ని పొద్దులు దొరికాయో. ఒక్కదాన్నీ వాడుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్క ఇరుసు పక్కన గంటసేపు కూర్చుంటాడు. ఎంత జాగ్రత్త మనిషి అని జనం మెచ్చుకుంటే, మెచ్చుకున్న ప్రతిసారీ ఆయనకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

మొన్న వానాకాలంలో ఒక శనివారం మారెన్న కూతురు శివకుమారి ట్రాక్టరు ట్రాలీలో ఇరుసు వేసుకుని వచ్చింది. ఆమెకు ఇరవై ఏడేళ్లు. పాత లారీ ఒకటి సొంతంగా కొనుక్కుని నడుపుతోంది. సోమవారం కల్లా, ముందు చక్రాలు కూడా లాగే బండితో వస్తే గనిలో ఏడాది పని ఇస్తామన్నారట.

ఇరుసును దిమ్మెల మీద పెట్టి ఇద్దరూ చూశారు. లెక్క కలిసింది. బుర్ర ఎడమ పక్కనే ఉంది. పట్టీలకు చోటు సరిపోయింది. ఓబుళేశుకే ముచ్చటేసింది. మనుషులను పిలిచి నేల మీదికి దించి, డీజిలు చేతులు కడుక్కుని టీ తేవడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి శివకుమారి ఇరుసు మీద కూర్చుని ఉంది.

"ఈడ కుర్చీ ఉండాది గదమ్మా."

"ఉండనీలే చిన్నాయనా. కాళ్లు గుంజుతాండాయి."

ఆయన టీ ఇవ్వడానికి వంగాడు. ఇరుసు కింద నుంచి చీమలు బారుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతున్నాయి. వాటికి ఎక్కడా అడ్డు లేదు. పిల్ల మడమలు నేలకు తన్నిపెట్టి, బలమంతా వేసి కూర్చుంది.

"లేయి పాపా."

"టీ తాగనీ."

"లేయమంటాండానా!"

శివకుమారి లేవలేదు. తల వంచుకుంది. "రెండు వేళ్లే గదా చిన్నాయనా. ఏడు నెల్లు తిరిగినా దీనికోసరం. లెక్క కలిస్తే బుర్ర కుదరదు, బుర్ర కుదిరితే పట్టీలు కుదరవు. బరువు పడితే అదే అణుగుతాది."

"అణగదు."

"నువ్వు ఎక్కియ్యకుంటే డోన్‌లో ఇంకొకాయప్ప ఎక్కిస్తాడు. ఆడ ఇంతసేపు ఎవరు జూస్తారు?"

నిజమే, ఎవరూ చూడరు. పనికిరాదని ఒక్క మాట అని లోపలికి పోతే ఈ పిల్ల డోన్ పోతుంది, సోమవారం గనిలోకి దిగుతుంది. ఓబుళేశు ఆ చీమల పక్కనే మట్టిలో కూలబడ్డాడు.

"మీ నాయన ఇరుసు గూడా రెండు వేళ్లే లేసింది. నేను బండ పెట్టి అణగదొక్కినా. మీ నాయనకు తెలీదు. ఎవురికీ తెలీదు."

శివకుమారి మెల్లగా లేచింది. ఇరుసు రెండు వేళ్లు కాదు, మోకాలెత్తు దాకా లేచి, కొంచెం ఊగి నిలబడింది.

"మా నాయన తాగినాడంటిరి గదా అందరూ."

"తాగల్యా. నేను తెచ్చిన ఇరుసు ఇరిగింది."

"తాడు యాడుండాది?" అంది. ఆయన చూపించాడు. తనే పోయి తెచ్చి ఇరుసును కూసానికి కట్టింది. సోమవారం నాటి పని ఆ ముడితో పోయింది, వేరే బండివాళ్లకు దక్కింది. ముడి బిగించాక ఆయన వైపు తిరిగి, "ట్రాలీ ఎక్కు. మా అమ్మకు నువ్వే చెప్పాల" అంది.

శివకుమారి తల్లి నాగక్క ఇంటి ముందు చెనిక్కాయలు ఒలుస్తోంది. ఓబుళేశు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. బండ సంగతి, పెద్దమనుషుల దగ్గర అన్న మాట, అన్నీ చెప్పాడు. ఆమె వేళ్లు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి.

"శానా దినాలు అందరితో కొట్లాడితి," అంది. "ఆయప్ప ఆ పొద్దు తాగల్యా, నా చేతి కూడు తిని పోయినాడని చెప్తి. ఎవురూ ఇన్లేదు. తర్వాత నిన్ను జూస్తి. ఓబుళేశు మన మనిషి గదా, అబద్ధమైతే ఊరకుంటాడా అనుకుంటి. నీ మొగం జూసే నేను నమ్మినా."

"వదినా..."

"పదకొండేండ్లు ఆయప్పను తిడుతానే ఉండా. పెద్దల అమాసకు పోయినోళ్లందరికీ కూడు పెడ్తి. తాగి సచ్చినోడికి ఏంటికిలే అని ఆయప్పకు పెట్టల్యా."

ఓబుళేశుకు ఏడుపొచ్చింది. ఆ ఇంటి ముందు ఏడ్చే హక్కు తనకు లేదని అణుచుకున్నాడు. నాగక్క చేట పక్కకు పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. పొయ్యి దాకా పోయి ఆగింది.

"మీ నాయనకు సంగటిలోకి ఏమి ఇష్టంరా శివా?"

"నాకు గుర్తు లేదుమా."

"నాకూ గుర్తుకొస్తాలేదు. గుర్తుకు రాకుండా జేసుకుంటి."

వాకిట్లో నిలబడినవాడికి గుర్తుంది. "ఉలవకట్టు, వదినా," అన్నాడు. "పైన పచ్చి ఉల్లిగడ్డ."

నాగక్క ఆయన వైపు చూడలేదు. కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు. చెంగు ముడి విప్పి దుడ్లు తీసి, ఉలవలు తెమ్మని కూతుర్ని అంగడికి పంపింది.