అర చుట్టు

ఆ రోజు ఎడమ పెడల్‌ను మెకానిక్ సరిగ్గా బిగించాడా, లేదా? ఈ అనుమానాన్ని కాటా గుమాస్తా ఇరవై ఆరేళ్ళుగా మోస్తున్నాడు. అనుమానం అనడమే గాని, అతని మనసులో జవాబు ఎప్పుడో సిద్ధమైపోయింది. బిగించలేదు. కానీ దేవుడి పటం ముందు నిలబడి ఒక మనిషిని దోషి అనడానికి నోరు వచ్చేది కాదు. "నువ్వు చూశావు కదా స్వామీ, నువ్వే తేల్చు" అని రోజూ దీపం పెట్టి ఆ భారం అటు తోసేసేవాడు. వీధిలోకి వచ్చాక మాత్రం తనే తేల్చేసేవాడు.

గోదాములో బస్తాలు తూచడం అతని ఉద్యోగం. ముల్లు మధ్యకు వచ్చి నిలిచినా, కాటా కింద ఎవరైనా కాలు పెట్టారేమోనని వంగి చూస్తాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఇంట్లో భార్య ఇంకో అడుగు ముందుకు వేసింది. "పాలలో నీళ్ళు వెతికేవాళ్ళుంటారు. మా ఆయన నీళ్ళలో కూడా నీళ్ళు వెతుకుతారు" అంటుంది.

పెడల్ సంగతి జరిగినప్పుడు అతనికి పదిహేడేళ్ళు, అన్నకు ఇరవై నాలుగు. అన్న సైకిల్ పందేలకు వెళ్ళేవాడు. వంచిన హ్యాండిల్, సన్నటి చక్రాలు, ఆకుపచ్చ రంగు వేసిన ఉక్కు ఫ్రేము. గోటితో తడితే గంటలా మోగేది. పెద్ద పందేనికి ముందురోజు దాన్ని విప్పి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించింది అన్న స్నేహితుడైన మెకానిక్. మర్నాడు మిట్ట ఎక్కే దారిలో అన్న సీటు మీంచి లేచి బలమంతా పెట్టి తొక్కుతుంటే ఎడమ పెడల్ ఊడి వచ్చింది. మోకాలు వెళ్ళి మైలురాయికి కొట్టుకుంది. ఆనాటి నుంచి అన్న ఆ కాలు ఈడుస్తూనే నడుస్తున్నాడు. దర్జీ పని నేర్చుకుని, కుట్టుమిషన్‌ను కుడికాలితోనే తొక్కుతూ సంసారం ఈదుకొచ్చాడు.

అందరికీ తెలిసిన కథ ఇంతే. ఎవరికీ తెలియని సాక్ష్యం ఒకటి గుమాస్తా దగ్గర ఉంది. పందెం రోజు పొద్దున్నే, సైకిల్ ముట్టుకోవద్దని అన్న చెప్పినా ప్రేమ ఆగక, స్పానర్ తీసుకుని రెండు పెడళ్ళూ పరీక్షించాడు. కుడిది కదల్లేదు. ఎడమది బిగించే వైపు గట్టిగా లాగితే అర చుట్టు తిరిగింది. బిగించిన పెడల్ తిరుగుతుందా? పోనీలే, నేను చూశాను గనక సరిపోయిందని సంతోషపడ్డాడు. అయినా ఊడిందంటే అప్పటికే లోపలి మరలు అరిగి ఉంటాయి. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే, వదులుగా ఉందని తెలిసి కూడా అన్నను ఎందుకు ఎక్కనిచ్చావంటారు.

మూడో రోజున మెకానిక్ షాపుకు వెళ్ళి, అక్కడున్న పది మంది ముందూ "నీ చేతిని నమ్మినందుకు మా అన్న కాలు పోయింది" అని కేకలు వేశాడు. మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని "బిగించాను" అన్నాడు. ఒక్కటే మాట. తప్పు చేయనివాడు నాలుగు మాటలు అనడా? ఆ పొదుపులోనే దొంగతనం కనిపించింది గుమాస్తాకు. కనబడినవాడికల్లా చెప్పాడు. సైకిల్ ఎక్కేవాడికి ప్రాణం మీద తీపి ఎక్కువ. రెండేళ్ళు తిరక్కుండానే పెద్ద రోడ్డు మీది షాపు వెనక సందులోకి జరిగింది. గుమాస్తా మళ్ళీ సైకిల్ జోలికి పోలేదు. ఎంత దూరమైనా నడకే.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, రెండు వాటాలు, మధ్యలో ఒకే వరండా. సైకిల్ భాగాలన్నీ ఆసుపత్రి ఖర్చుకు అప్పుడే అమ్మేశారు. ఉత్త ఫ్రేము మాత్రం వరండా గోడకు కొక్కెం మీద వేలాడుతూ ఉండేది. వదిన దాని మీద తడిగుడ్డలు ఆరేసేది.

ఒక ఆదివారం చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది. గుమాస్తా ముందు పాత ఇనుము కొనేవాణ్ణి అనుమానించాడు, తర్వాత పక్కింటివాళ్ళను. నాలుగో రోజుకు ఫ్రేము దానంతటదే వచ్చినట్టు మళ్ళీ గోడ మీద ఉంది. రంగు లేదు, తుప్పు లేదు. గొట్టాలు కలిసేచోట ఇత్తడి అతుకులు పసుపు గీతల్లా మెరుస్తున్నాయి.

"రంగు తీయించాను. మోకాలు బిగుసుకుపోతోంది, మెల్లగా సైకిల్ తొక్కమన్నాడు డాక్టరు" అన్నాడు అన్న.

ఎవరి చేత తీయించావని అడిగితే, నోట్లో ఉన్న గుండుసూదులు చూపించి మాట్లాడలేనన్నట్టు తల ఊపాడు. ఆ సూదులు అప్పుడే పెట్టుకున్నట్టు గుమాస్తాకు అనిపించింది.

అప్పటి నుంచి వారానికో భాగం ఫ్రేముకు వచ్చి చేరేది. ముందు పాత ఆకుపచ్చే మళ్ళీ వచ్చింది. తర్వాత ముందు ఫోర్కు, హ్యాండిల్, చక్రాలు. అన్న లేని సమయం చూసి గుమాస్తా ఒక్కోదాన్నీ తనిఖీ చేసేవాడు. మిషన్ దగ్గర దారపు కండె తీసుకుని, ఫ్రేము వెనక కొసన ఒకవైపు కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో వైపుకు లాగి కట్టాడు. మధ్య గొట్టానికీ దారానికీ ఎడం రెండు వైపులా టేపుతో కొలిచాడు. వెంట్రుకంత తేడా లేదు. చక్రం పక్కన సుద్దముక్క పట్టుకుని తిప్పి చూశాడు. సుద్ద ఎక్కడా అంటలేదు. తప్పు దొరకనందుకు సంతోషించాలి గదా. అతనికి మాత్రం దిగులు పట్టుకుంది. ఇంత శుభ్రంగా ఉందంటే దీని వెనక ఏదో ఉండాలి.

చివరికి ఒకటి దొరికింది. పెడళ్ళు బిగించే క్రాంకులు మామూలు వాటికంటే అంగుళం పొట్టిగా ఉన్నాయి. ఎవడో చిన్నపిల్లల సైకిల్ సామాను అంటగట్టాడు.

ఆ శనివారం మధ్యాహ్నం గోదాము నుంచి తొందరగా వచ్చి, అన్న వెనకే, అన్నకు కనబడకుండా నడిచాడు. కాలు ఈడ్చే మనిషి వెనక దాక్కుంటూ నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి రెండు అడుగులకూ ఆగాలి. అన్న వెనక సందులోకి తిరిగాడు. రేకుల షాపు. ముందు ఒక బల్ల. అన్న వెళ్ళి బల్ల మీద కూర్చుని, మెకానిక్ చొక్కాకు ఊడిన గుండీ కుట్టడం మొదలుపెట్టాడు. మెకానిక్ బనీనుతో కూర్చుని చక్రానికి ఊచలు సవరిస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. కళ్ళజోడు కాడ దారంతో కట్టి ఉంది. అరగంటసేపు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అదే గుమాస్తాకు మరీ అనుమానం పుట్టించింది. దాచేదేమీ లేని మనుషులైతే మాట్లాడుకుంటారు కదా.

ఇంటికి రాగానే నిలదీశాడు. "వాడి చేతికే ఇచ్చావా అన్నా, మళ్ళీ?"

"ఆ ఫ్రేము గురించి వాడికి తెలిసినంత ఎవరికి తెలుసురా?"

"ఒకసారి పడ్డది చాలలేదా? క్రాంకులు చూశావా? అంగుళం పొట్టి."

"నా మోకాలు వంగేది అంతవరకే. షాపులో వేరే సైకిల్ మీద కూర్చోబెట్టి, కాలు ఎంత వంగుతుందో కొలిచి, పాత సామాన్లలో మూడు వారాలు వెతికి తెచ్చాడు" అన్నాడు అన్న. గొంతు మార్చకుండా, "అప్పుడు కూడా బిగించానంటున్నాడు" అన్నాడు.

"అనక ఏమంటాడు?"

అన్న అతని మొహంలోకి చూశాడు. ఏదో అడగబోయి, కత్తెర అందుకున్నాడు. ఆ చూపు గుమాస్తాకు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేది తను కాదు గదా, మరి చూపు తన మీద ఎందుకు ఆగినట్టు?

రెండు రోజుల తర్వాత సైకిల్ పూర్తయి వరండాలో నిలబడింది. మర్నాడు పొద్దున ఎక్కుతానని అన్న అన్నాడు. వదినకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గిన్నెలు తోముతున్న తోడికోడలి ముందే మరిదిని పిలిచింది.

"అందరి పనిలోనూ నువ్వు తప్పులు పడతావని తిడతామే గాని, రేపు ఆయన ఎక్కేముందు నువ్వు ఒక్కసారి చూస్తేనే నాకు ధైర్యం. నీ కళ్ళు పాపిష్టివి, అవి దాటి ఏదీ పోదు."

"ఇన్నాళ్ళకు మెచ్చుకున్నారక్కా" అంది భార్య.

పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, తప్పు ఏదైనా ఉంటే తన కంట పడేలా చూడమని దండం పెట్టుకున్నాడు. తర్వాత స్పానర్ తీసుకుని వరండాలో కూర్చున్నాడు. బ్రేకులు బాగున్నాయి. హ్యాండిల్ బిగువు. కుడి పెడల్‌కు స్పానర్ వేసి బిగించే వైపు నొక్కాడు. కదల్లేదు. ఎడమ పెడల్‌కు వేసి అదే వైపు నొక్కాడు. ముందు మొరాయించింది. ఇంకాస్త బలం పెట్టేసరికి టక్కుమని తిరిగింది.

దొరికాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత, అదే పెడల్, అదే తప్పు. ఈసారి అర చుట్టుతో వదల్లేదు. పూర్తిగా బిగిసేదాకా తిప్పుదామనుకున్నాడు. ఒక చుట్టు, రెండు, నాలుగు. బిగియడం లేదు సరికదా, రానురాను తేలికైపోతోంది. ఆరో చుట్టుకు పెడల్ ఊడి అతని ఒళ్ళో పడింది.

గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు.

"చూడన్నా. నువ్వే చూడు నీ స్నేహితుడి పని. వేలితో తోస్తే ఊడి వచ్చింది."

"ఎటు తిప్పావురా?"

"బిగించే వైపే. కుడిదాన్ని ఎటు తిప్పానో అటే."

అన్న గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. పెడల్ తీసుకుని, మరలు కనబడేలా వెలుతురుకు తిప్పి తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఎడమ పెడల్‌కు మరలు తిరగేసి ఉంటాయి. తొక్కుతున్నప్పుడు వదులు కాకూడదని అలా చేస్తారు. కుడిది బిగించే వైపు తిప్పితే ఇది ఊడుతుంది."

గుమాస్తా మరల వైపు చూశాడు. గీతలు మామూలు మరలకు ఎదురు వైపుకు వాలి ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే పందెం రోజు పొద్దుటి స్పానర్ బరువు అరచేతిలోకి వచ్చింది. మొరాయించడం, టక్కుమనడం, అర చుట్టు. బిగించిన దాన్ని తన చేతులతోనే వదులు చేశాడు. అలా వదులైంది దారి పొడుగునా కదిలి కదిలి మరలను తినేసి, మిట్ట ఎక్కే దారిలో బలం పడేసరికి చేతులెత్తేసింది.

"అన్నా, ఆ రోజు కూడా నేను..." అన్నాడు.

"వాడు బిగించానన్నాడు. ఊడిన సంగతి నాకు తెలుసు. మధ్యలో సైకిల్ ఉన్నది మనింట్లోనే" అన్నాడు అన్న. "నాకు అనుమానం ఉండేదిరా."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవాలి, లేదా అబద్ధమాడాలి. పదిహేడేళ్ళ వాడివి. రెండిట్లో ఏదీ నీ చేత చేయించాలనిపించలేదు. తర్వాత ఏళ్ళు గడిచిపోయాయి." మోకాలు రుద్దుకున్నాడు. "అది నా తప్పే. నిన్ను కాయడానికి వాణ్ణి బజార్లో వదిలేశాను."

గుమాస్తా లోపలికి వెళ్ళి పటం ముందు నిలబడ్డాడు. తప్పు కంట పడేలా చూడమని అడిగినవాడు ఇంకేం అడుగుతాడు? దండం పెట్టకుండానే వెనక్కి వచ్చి, సైకిల్ నడిపించుకుంటూ బయల్దేరాడు. అన్న సీటు మీద చెయ్యి వేసుకుని పక్కన నడిచాడు. పెడల్ గుమాస్తా జేబులో ఉంది.

షాపు దగ్గర పంక్చరు వేయించుకుంటున్న పాలవాడు, గాలి కొట్టించుకోవడానికి వచ్చిన పోస్టుమ్యాను, ఇంకో ఇద్దరు ఉన్నారు. గుమాస్తాను చూసి మెకానిక్ చేతిలో పని ఆగింది. ఖాళీ క్రాంకు మీద ఒకసారి, మొహం మీద ఒకసారి చూపు వేసి, "లోపలికి రా తమ్ముడూ, కూర్చుని మాట్లాడదాం" అన్నాడు.

"బయటే చెబుతానన్నా. అప్పుడు బయటే అన్నాను." జేబులోంచి పెడల్ తీసి బల్ల మీద పెట్టాడు. పాలవాడికీ పోస్టుమ్యానుకూ వినబడేంత గట్టిగానే చెప్పాడు. "నువ్వు బిగించావు. పందెం రోజు పొద్దున నేను స్పానర్ వేసి ఎడమ పెడల్ తిప్పాను. నువ్వు బిగించినదాన్ని నేను వదులు చేశాను. మా అన్న పడ్డది నా వల్ల. నీ చేతిని తప్పు పట్టాను. ఇదిగో, ఇప్పుడు కూడా నేనే ఊడదీశాను."

మెకానిక్ కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎంత తిప్పావు?"

"అర చుట్టు."

"అర చుట్టు" అని మెకానిక్ తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగాడు. "నీకు చెప్పలేదురా. మొదట్లో బిగించాననే నాకు గట్టి నమ్మకం. పదేళ్ళు అందరూ అంటుంటే నాకే అనుమానం వచ్చింది, బిగించానా లేదా అని. అప్పటి నుంచి ఏ పెడల్ పెట్టినా మూడుసార్లు చూస్తాను. షాపు మూసి సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులున్నాయి."

గుమాస్తా తల వంచుకున్నాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అది అడగడం మళ్ళీ తనకేదో ఇమ్మనడమే అనిపించి మింగేశాడు.

మెకానిక్ పెడల్ తీసుకుని, మరలు గుడ్డతో తుడిచి, వేలితో గ్రీజు రాశాడు. క్రాంకులో పెట్టి ముందు ఉత్త చేత్తో, ఎదురు వైపుకు, మెల్లగా తిప్పాడు. అది సాఫీగా లోపలికి వెళ్ళింది. ఆఖరున స్పానర్ వేసి ఒక్క లాగు లాగాడు.

స్పానర్‌ను మేకుకు తగిలించి, "ఎక్కరా" అని అన్నతో అన్నాడు. మళ్ళీ పెడల్ వైపు చూడకుండానే పాలవాడి టైరు అందుకున్నాడు.