పాల టీ లేని పదకొండు రోజులు

తప్పు నాదే. ల్యాబ్ కబుర్లు ల్యాబ్‌లోనే వదిలేసి రమ్మని మా అమ్మ లక్షసార్లు చెప్పింది. నా నోరు ఊరుకుంటేగా.

మా మామయ్యకు మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి, మాట పోయింది. ముప్ఫై ఏళ్ళు లెక్కల క్లాసును గడగడలాడించిన ఆ కళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. అక్షరాల అట్ట మీద మేం వేలు జరుపుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర కళ్ళు పైకెత్తుతారు.

"కళ్ళెందుకు పోలేదు?" అని ఒకరోజు అలాగే అడిగారు. అది సరిగ్గా నా పని. చనిపోయినవాళ్ళు దానమిచ్చిన నరాల ముక్కల్ని పొరలుగా కోసి, రంగు పట్టించి చూస్తుంటాను. ఇక ఆగుతానా?

"కణం పనిచేసినప్పుడల్లా లోపలికి కాల్షియం వచ్చిపడుతుంది మామయ్యా. అది పేరుకుపోతే కణానికి చేటు. దాన్ని పట్టి ఉంచే ప్రోటీన్లు కళ్ళు తిప్పే కణాల్లో దండిగా ఉంటాయి, నాలుక కదిపే కణాల్లో అంతంతమాత్రం. ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ..."

అంతవరకూ పక్కనే నిలబడి విన్న అత్త ఆ చివరి మాట వినలేదు. అప్పటికే వంటింట్లో ఉంది.

పదకొండు రోజుల తర్వాత వెళ్తే మామయ్య నన్ను నిప్పులు చెరిగేలా చూశారు. అట్ట అందుకున్నాను. "పాలు మాన్పించావు" అని వచ్చింది.

పాలే కాదు, పెరుగూ బంద్. రిటైరైనప్పుడు పిల్లలిచ్చిన సుద్దముక్కల డబ్బాను కూడా, అదీ కాల్షియమేనట, అత్త మేడమీద గదిలో పెట్టి తాళం వేసింది. నాకు నవ్వొచ్చింది. సోమవారం ఆహారం కోసం పొట్టలోకి గొట్టం వేస్తారనీ, ఆ తర్వాత నోటితో చుక్క కూడా తాగకూడదన్నారనీ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఇక మిగిలింది నాలుగు రోజులు.

"అత్తా, రక్తంలో కాల్షియం ఎంతుండాలో ఒళ్ళే చూసుకుంటుంది. పాలు మానేస్తే ఎముకల్లోంచి లాక్కుంటుందంతే."

"కాగితం మీద రాసి సంతకం పెట్టు."

పెట్టాను. రెండుసార్లు చదివింది, కదల్లేదు.

"ఆ కళ్ళు కూడా పోతే నన్ను తిట్టేదెవరే?" అంది.

చివరికి తనే లేచి పాల టీ పెట్టింది. పొలమారకుండా చిక్కబరిచే పొడి కలిపి, తలకింద చెయ్యి పెట్టి, చెంచాతో పట్టింది. మామయ్య కళ్ళు మూసుకుని మూడు చెంచాలు మింగారు. తర్వాత అట్ట వైపు చూశారు. అత్త కొంగుతో కళ్ళొత్తుకుని వేలు జరపడం మొదలుపెట్టింది. నేను రాశాను.

"చక్కెర వెయ్యలేదు."

"నలభై ఏళ్ళుగా ఇదే సణుగుడు" అంటూ అత్త చక్కెర డబ్బా కోసం దాదాపు పరిగెత్తింది.