పురిటి గది రాసిన చేయి

"పెరట్లో నీళ్ళు పోసుకున్నాకే లోపలికి రా" అంది వెంకటరమణమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చిన కోడలితో ఆమె ఎప్పుడూ అనే మాటే అది.

నాగేశ్వరి కుళాయి దగ్గర కూర్చుంది. పక్క క్వార్టర్స్ కిటికీలు తెరిచే ఉన్నాయి. చీర తడిసి ఒంటికి అంటుకుంది. అలాగే తలదించుకుని వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఎంబీబీఎస్ పాసైన మనిషని ఆ చీరను చూసి ఎవరూ అనరు.

ఇక మిగిలింది హౌస్ సర్జన్ ఏడాది. అది ఎక్కడ చేస్తుందో అర్జీలో రాసివ్వాలి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇంజనీరైన భర్త చలపతిరావు ఆమె కోసం అప్పటికే నిర్ణయించాడు.

"దగ్గర్లో చిన్న ఆసుపత్రి ఉందిగా, అది రాయి. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు."

"హైదరాబాదులో ప్రసూతి ఆసుపత్రి రాస్తే?"

"అక్కడ రాత్రి డ్యూటీలుంటాయి. నన్ను హోటల్లో తినమంటావా?"

"కళ్ళ డాక్టరీ చెయ్యరాదూ?" అంది అత్తగారు. "రక్తం ఉండదు, మైల ఉండదు. పురిటి గది ముట్టిన చేత్తో నా ఇంట్లో పోపు పెడతావా?"

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నాగేశ్వరి నవ్వలేదు. శ్రావణ శుక్రవారం నుంచి అత్తగారి మాటకు ఎదురు చెప్పడానికి ఆమెకు మొహం చెల్లడం లేదు.

ఆ రోజు ఇంట్లో నోము. అంట్లు తోమే శివమ్మ పక్కనున్న తన ఊరు చిట్కుల్ నుంచి పరుగెత్తుకొచ్చింది. "డాక్టరమ్మా, కోడలు నొప్పులు పడుతున్నది. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు. జెర వచ్చి సూడు, నీ కాల్మొక్త" అంది. నాగేశ్వరి కదల్లేదు. అత్తగారి వైపు చూస్తూ నిలబడింది. వద్దనే మాట ఆ నోటి నుంచి వచ్చేదాకా చూసింది. వచ్చాక, "విన్నావుగా శివమ్మా" అంది. సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలో, ఎద్దుల బండిలోనే బిడ్డ చచ్చి పుట్టింది. తల్లి బతికింది. కొన్నాళ్ళకు శివమ్మ మళ్ళీ పనిలోకి వచ్చి, గిన్నెలు తోముతూ, "మీ అత్తకు దేవుడు ముఖ్యం, మాకు పిల్ల ముఖ్యం. నీదేం తప్పు బిడ్డా, నువ్వేం జేస్తవ్" అంది. ఆ జాలి నాగేశ్వరికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఎందుకంటే అత్తగారు వద్దనకపోయినా ఆమె వెళ్ళేది కాదు. చదువుకునే రోజుల్లో పురిటి గది డ్యూటీ పడ్డ ప్రతిసారీ ఆమె సాయంత్రం బస్సెక్కి, వంట చేయడానికి ఇంటికొచ్చేసింది. ఆమె చేయాల్సిన కాన్పులు స్నేహితురాలు కమలాకుమారి చేసి, కాన్పుల లెక్క పుస్తకంలో ఈమె పేరు రాసింది. పరీక్షలో అడిగినవన్నిటికీ నాగేశ్వరి జవాబు చెప్పింది. కానీ ఆ చేతులతో ఒక్క బిడ్డనూ పట్టలేదు. అత్తగారి మడి ఆ రోజు ఆమెకు అడ్డు రాలేదు, చాటు ఇచ్చింది.

ఆ రాత్రి నాగేశ్వరి అర్జీలో ప్రసూతి ఆసుపత్రి రాసింది. చలపతిరావు చూసి కాగితం బల్లమీద కొట్టాడు.

"నీకేమైనా మతి పోయిందా?"

"నాకు కాన్పు చేయడం రాదండీ."

"పాసయ్యావుగా! ఎవడడుగుతాడు?"

ఆమె కాగితం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. శివమ్మ బూడిదతో గిన్నెలు తోముతోంది. నాగేశ్వరి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఆ రోజు అత్తయ్యగారి వల్ల రాలేదనుకున్నావు. కాదు శివమ్మా. నాకు కాన్పు చేయడం రాదు. భయపడి ఆవిడ చాటున దాక్కున్నాను. ఇప్పుడు నేర్చుకోవడానికి పోతున్నాను."

శివమ్మ చేయి ఆగింది. గిన్నె పక్కన పెట్టింది.

"నేర్సుకో పో. గప్పటిదాంక నిన్ను డాక్టరమ్మ అని పిలువ."