నాన్న టికెట్

పొద్దున్నే ఆమె బస్సెక్కి కూర్చోగానే, కండక్టరు ఆమె వంకా, కిటికీ పక్కన సర్దుకుంటున్న నాన్న వంకా చూసి రెండు టికెట్లు చింపేవాడు. నాన్న పోయి ఏడాది దాటింది. పోయిన వారానికే తిరిగొచ్చి వరండాలో తన కుర్చీలో కూర్చున్నాడు. తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. బతికున్నప్పటిలాగే కూతుర్ని పనికి దింపి, సాయంత్రం వెంటబెట్టుకుని రావడం ఒక్కటే ఆయనకి కావలసింది.

"పోయిన మనిషికి కూడా టికెట్టేంటండీ?" అని మొదట్లో ఆమె పోట్లాడింది.

"సీట్లో కూర్చున్నాడా లేదా? కూర్చుంటే టికెట్టే."

"పోనీ, పెద్దవాళ్ల రాయితీ అయినా ఇవ్వండి."

"అరవై నిండకుండానే పోయాడుగా. ఇంకెప్పుడు నిండుతాయమ్మా ఆయనకి?" అన్నాడు కండక్టరు. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

నెల పాసు తీద్దామంటే ఫొటో కావాలన్నారు. ఫొటోలో కుర్చీ ఒక్కటే పడింది.

ఆమె కట్టుడు పళ్ల సెట్లు చేసే చిన్న కొట్లో పనిచేసేది. నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, ఆరాక గీకి నునుపు చేయడం, ఒక్కో పన్నూ కుదురుగా అమర్చడం. వచ్చే జీతం ఇంటద్దెకీ, తనకీ అమ్మకీ తిండికీ, నాన్నతో కలిపి రెండు టికెట్లకీ బొటాబొటిగా సరిపోయేది.

అలాంటప్పుడు ఊరికి ఆ చివరున్న పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పళ్ల విభాగంలో ఉద్యోగం, సోమవారం చేరాలి. నాన్న బతికుండగా కూడా ఒకసారి ఇదే ఉద్యోగం వచ్చింది. "రోజూ అంత దూరం నేను రాలేను. వద్దని చెప్పెయ్," అన్నాడాయన. ఆమె చెప్పేసింది. ఆ కోపం అప్పట్నుంచీ అలాగే ఉండిపోయింది.

ఈసారి ఎవర్నీ అడగలేదు. ఆదివారమంతా ఊళ్లో తిరిగి దారులు వెతుక్కుంది. ఆయనా వెంటే. నేరుగా వెళ్లే బస్సు ఏసీది, దాని జోలికి పోలేరు. షేర్ ఆటోవాడు, బతికున్నా పోయినా తలకింత అన్నాడు. చివరికి దొరికింది. ఇంటి దగ్గర స్టేషన్లో లోకల్ రైలెక్కితే మార్కెట్ దాకా ఆడవాళ్ల పెట్టెలో నెల పాసుతో వెళ్లొచ్చు. అక్కణ్నుంచి వంతెన దాటి నడిస్తే ఆసుపత్రి వెనక గేటు. ఇప్పుడు బస్సుకవుతున్న దాన్లో సగం కూడా కాదు. ఒక్క మనిషికైతే.

"ఆడవాళ్ల పెట్టెలోకి నన్ను రానివ్వరు," అన్నాడు నాన్న.

"నువ్వు రానక్కర్లేదు నాన్నా."

"మామూలు పెట్టెలో ఎక్కుదాం. నాకు రోజూ టికెట్ తీసుకో."

"టికెట్లకే జీతం పోతే ఇంక ఉద్యోగం ఎందుకు?"

"నేననేదీ అదే. ఎందుకు?" అన్నాడాయన సంతోషంగా.

ఆమె పళ్లు కొరుక్కుంది.

సోమవారం ఆమె ఆడవాళ్ల పెట్టే ఎక్కింది. వెనకాలే ఆయనా ఎక్కాడు. లోపలున్నవాళ్లు గొడవ మొదలుపెట్టారు.

"ఏమండీ, ఇది ఆడవాళ్లది. దిగండి," అంది తలుపు దగ్గరున్న నర్సు.

"నేను పోయినవాణ్నమ్మా," అన్నాడు నాన్న వినయంగా.

"పోతే మాత్రం? మగవాళ్లేగా!"

అంతలో టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. "ఈయన టికెట్ ఏది? ఫైన్ కట్టండి. లేకపోతే ఇద్దరూ వచ్చే స్టేషన్లో దిగిపోండి."

"దిగిపోదాం పద తల్లీ," అన్నాడు నాన్న, అదే మంచిదన్నట్టు. "ఇంటికెళ్లిపోదాం."

ఆమె ఆయన వైపు చూడకుండానే అంది. "ఈయన నాతో రాలేదండీ."

"ఏమే! నేనెవర్నే నీకు?"

"నాన్నవి!" ఆమె అరుపుకి పెట్టెంతా ఇటు తిరిగింది. "బతికినన్నాళ్లూ నా వెనకాలే నడిచావు. నడిస్తే నడిచావు, నా ముందున్న దారులు కూడా నువ్వే మూసేశావు. పోయాక నీ టికెట్ కూడా నేనే కొంటున్నాను. ఇంక చాలు, దిగు నాన్నా!"

"ఒక్కదానివే ఎలా వెళ్తావే? ఏమన్నా అయితే?"

"నువ్వు పోయిన రోజు ఆసుపత్రికీ, శ్మశానానికీ, ఆఫీసులకీ నేనొక్కదాన్నే తిరిగాను. అప్పుడేమైంది నాకు?"

నాన్న తలుపు దగ్గరికి జరిగాడు. రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. బతికున్నప్పటిలాగే కడ్డీ పట్టుకుని జాగ్రత్తగా దిగాడు. "సాయంత్రం ఎన్నింటికి..." అంటుండగానే రైలు కదిలింది.

నర్సు జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చోలేదు. కోపం కాస్త కూడా దిగలేదు. ఆ కోపంతోనే వంతెన దాటింది, ఉద్యోగంలో చేరింది, ఆ కోపంతోనే గీకితే మొదటి పన్ను పుటుక్కున విరిగింది. మళ్లీ చేసింది. రెండోది బాగా కుదిరింది.

తిరిగొచ్చేటప్పుడు ఆ చిన్న స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. ఆయన కోసం చూసినందుకు తన మీదే తనకి ఒళ్లు మండింది.

ఇంటి దగ్గర వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆయనేరే?"

"దింపేశాను. దారిలో. ఇంక రాడనుకుంటా."

అమ్మ తిడుతుందనుకుంది. అమ్మ కుర్చీ వంకే చూస్తూ నిలబడింది. చూస్తూ చూస్తూ ఉండగా అమ్మ ముఖం ఎర్రబడింది.

"పాలపాకెట్‌కి వెళ్తానన్నా 'ఆగు, నేనొస్తా' అనేవాడు. మా అక్కకి జబ్బు చేస్తే చూడ్డానికి కూడా పోనివ్వలేదు, తనకి తీరికలేదని. అక్క పోయాక తీసుకెళ్లాడు!" అమ్మ అంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "పోయాడు కదా అనుకుంటే, మళ్లీ వచ్చి ఇక్కడే కూర్చున్నాడు!"

అమ్మ విసురుగా చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"ఎక్కడికమ్మా?" అనేసి, ఆమె వెంటనే నాలుక కరుచుకుంది.

"ఏమోనే. వెళ్తే తెలుస్తుంది," అంది అమ్మ. గేటు కూడా వేయకుండా వీధిలోకి వెళ్లిపోయింది.