మూడో సొరంగం మీది పగులు

బోల్టు బిగించి మెంజియా నడుం ఎత్తేసరికి చెమట కళ్లల్లోకి దిగింది. ఫిబ్రవరిలో చెమట. మూడు రోజులుగా దక్షిణపు వేడిగాలి ఆల్ప్స్ కొండల మీదుగా దిగుతూనే ఉంది. పట్టాల పక్క మంచు తడిసి బరువెక్కి, అడుగు వేస్తే మోకాలిదాకా కూరుకుపోతోంది.

తలెత్తి చూసింది. మూడో సొరంగం నోటికి పైన, వాలు మీది మంచులో, నిన్న లేని గీత ఒకటి కనబడింది. కొడవలి వంపు. గీత లోపల నీలం.

ఆమె ఒంటిమీద ఉన్నది మొగుడి కోటు. రిష్ ఈ చిన్నగేజి రైలు లైను మీద పద్నాలుగేళ్లుగా కీమన్, పట్టాల బోల్టులు చూసే మనిషి. రోజుకి మూడున్నర ఫ్రాంకులు. ఐదు వారాల కిందట రాయి దొర్లి కాలు విరిగింది. నాలుగు వారాలు పనిలోకి రాని మనిషి కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలని రూలు. అందుకని పొద్దున్నే అతని వంతు నాలుగు కిలోమీటర్లూ, పైవాళ్లకి తెలీకుండా ఆమే నడుస్తోంది. పద్నాలుగేళ్లుగా ఇంటి పక్క రైలు గేటు వేసేదీ తీసేదీ కూడా ఆమే. దానికి కూలి లేదు. కీమన్ పెళ్లాం చేసే పనికి కూలేమిటి?

హద్దురాయి మీద పక్క సెక్షను కీమన్ యాఖెన్ కూర్చుని ఎండుమాంసం కోసుకుంటున్నాడు. నడిచామనడానికి గుర్తుగా ఇద్దరూ అక్కడ ఇత్తడి బిళ్లలు మార్చుకోవాలి.

"ఏం రిష్ బావా, ఇవాళ గడ్డం మరీ నున్నగా గీశావే," అన్నాడు ఆమె కోటు చూసి.

"ఎకసెక్కాలు తర్వాత, అన్నా. మూడో సొరంగం పైన మంచు పగిలింది."

యాఖెన్ నమలడం ఆపాడు. "ఎంత?"

"మా ఇంటికి నాలుగింతల పొడుగు. నువ్వు చెప్పు. నీ మాటైతే మేస్త్రీ వింటాడు."

"చెప్పినవాడే చోటు చూపించాలి గదా. 'పక్క హద్దులో నీకేం పని, రిష్ ఏడీ' అంటాడు." కత్తి తొడకి తుడుచుకున్నాడు. "మూడేళ్ల కింద నేనూ బండి ఆపించా. వాలు మీది మంచు జారిపడలేదు. హోటళ్లకి పోయే దొరలకి ఆలస్యమైందని పది రోజుల కూలి కోశారు. ఊళ్లో పిల్లకాయలు ఇప్పటికీ నన్ను మంచుజోస్యుడనే పిలుస్తారు."

"ఈసారి పడితే?"

యాఖెన్ బిళ్ల ఆమె చేతిలో పెట్టి లేచాడు.

ఇంట్లో రిష్ ఫోను పక్కన బల్లమీద కూర్చుని ఉన్నాడు. చెక్కలు కట్టిన కాలు పీటమీద ఉంది. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఆ వాలు నాకు తెలుసు. నిలుస్తుంది."

"నువ్వు చూసి ఐదు వారాలైంది."

"నేను చెబితే చోటు చూపించమంటాడు, గుట్టు బయటపడుతుంది. ఇల్లు పోతే ఎక్కడికి పోతామే? మీ అన్న కొట్టంలోకా? మన మేకనే రానివ్వలేదు వాడు."

"ఇవాళ సంత. బండినిండా దొరలొక్కళ్లే ఉండరు."

ఫోను మోగింది. రోజూ పదకొండుకి కింది స్టేషను నుంచి మేస్త్రీ కవీత్సెల్ అడిగేది ఒకటే మాట. ఈ ఐదు వారాలూ తనే నడిచినట్టు రిష్ జవాబు చెబుతున్నాడు.

"రిష్, దారి బాగుందా?"

రిష్ నోరు తెరిచేలోపల ఆమె ఫోను లాక్కుంది.

"బాగాలేదండీ. మూడో సొరంగం పైన మంచు పగిలింది. బండి వదలొద్దు."

"ఎవరది?"

"మెంజియాని."

"మీ ఆయనకివ్వు."

"కాలు విరిగి ఐదు వారాలైంది. నడిచేది నేనే. చూసిందీ నేనే."

బండి ఆపమని మేస్త్రీ అవతల ఎవరికో కేకేయడం వినబడింది. తర్వాత, "అక్కడే ఉండు, వస్తున్నా," అన్నాడు.

రిష్ గోడవైపు తిరిగిపోయాడు.

మేస్త్రీ ట్రాలీ మీద వచ్చి ఆమెను ఎక్కించుకున్నాడు. సొరంగానికి ఇవతల నిలబడి, ఆమె చూపించిన వైపు చూశాడు. మొహం తుడుచుకున్నాడు.

"చూడమ్మా. బండి కింద ఆగి ఉంది. స్టేషన్‌మాస్టరు నా ప్రాణం తీస్తున్నాడు." సంచిలోంచి పుస్తకం తీసి తెరిచాడు. "దారి బాగుందని ఇక్కడ రిష్ పేరు పెట్టు. ఈ ఐదు వారాల సంగతి నేను విననే లేదు. ఇల్లు మీకే ఉంటుంది."

పెన్సిలు చాచాడు. కింద లోయలో తమ పొగగొట్టం, గుమ్మంలో చిన్న కూతురు నిలబడి ఉండటం ఆమెకు కనిపిస్తున్నాయి.

"పెట్టను."

"పిచ్చిదానివా? పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు?"

"తెలీదండీ." ఆమె వెళ్లి పట్టా మీద కూర్చుంది. "బండి రావాలంటే మీ పేరు పెట్టుకోండి."

మేస్త్రీ పుస్తకం మోకాలిమీద ఆనించాడు. పెన్సిలు మొన కాగితానికి తగిలింది. అక్కడే ఆగింది. ఆయన మళ్లీ తలెత్తి పైన ఆ నీలం గీతవైపు చూశాడు.