పడుగు వెంట పన్నెండు వేల మైళ్లు

గురప్ప వీధిలో సాగదీసి కట్టిన పడుగు దారాల మీద గంజి కుంచె లాగుకుంటూ వీధి కొసన ఉన్న కొయ్య దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. అవతలి పక్క భార్య ఉరుకుందమ్మ కూడా తిరిగింది. నలభై గజాల పడుగు. గంజి ఆరిపోయేలోగా ఇరవై రెండు సార్లు పోయి రావాలి. ఎమ్మిగనూరు నేతవీధిలో ఏ మగ్గానికి పడుగు కావాలన్నా నలభై ఏళ్లుగా గంజి పట్టించేది అతనే. మనిషి ఎముకల గూడు, మడమలు మాత్రం బండబారి ఉన్నాయి.

ఎదురు అరుగు మీద గోవిందయ్య అయ్యవారు రాసుకుంటున్నాడు. బడి ఉద్యోగం అయిపోయాక, తెల్లవాళ్లు తెరచాప ఓడలెక్కి దేశాలెట్లా వెతికారో, దొరికినచోటల్లా ఎట్లా పాతుకుపోయారో చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. పెద్దమనిషి సముద్రం మొహం చూసిన పాపాన పోలేదు.

నిరుడు ఒకనాడు, పోర్చుగీసు ఓడలు ఆఫ్రికా చుట్టి మన పడమటి ఒడ్డున కళ్లికోట చేరిన ఘట్టం చదివి వినిపించాడు.

"ఎంత దూరముంటాది అయివోరా?" అన్నాడు గురప్ప.

"పన్నెండు వేల మైళ్లుంటుంది."

ఆ అంకె గురప్ప బుర్రకెక్కలేదు. సరే, విడమరిచి చెబుదామని అయ్యవారు పడుగు పొడవు, విడతలు, ఏళ్లు వేసి లెక్క కట్టాడు. రోజుకొక పడుగు, అంటే మైలు నడక; ఏడాదికి మూడొందల రోజుల లెక్కన ముప్పైతొమ్మిదేళ్లు. ఆయన చేతిలో కలం ఆగిపోయింది.

"గురప్పా, నువ్వు ఆఫ్రికా ఎప్పుడో దాటేసినావు. ఒడ్డు ఇంక మూడొందల మైళ్లే."

గురప్ప తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఊరి పొలిమేర దాటని తనేమిటి, ఆఫ్రికా ఏమిటి! ఆ రోజు నుంచి దగ్గు పీడించినా, పని మానమని ఉరుకుందమ్మ పోరుపెట్టినా, ఒడ్డు చేరాలన్నదే అతని పంతం. రాజులు పంపిన ఓడల గురించి అన్ని పేజీలు రాసినా కలగని భక్తి అయ్యవారికి ఆ కాళ్లను చూస్తే కలిగేది.

ఈరోజు ఆఖరి మైలు.

"ఇంగ ఎన్నుండాయి అయివోరా?"

"రెండు విడతలే. రవ్వంతసేపు కూర్చోరాదా?"

"ఓడోళ్లు నడిమద్దెన దిగి కూసున్న్యారా?" అని నవ్వి కదిలాడు.

ఒకటి అయింది. రెండోదానికి పోయి కొస కొయ్య పట్టుకుని నిలబడ్డాడు. అట్లాగే మెల్లగా కూలబడ్డాడు. ఉరుకుందమ్మ దారాల కింద నుంచి దూరి వచ్చేసరికి ఊపిరి లేదు.

వీధి వీధంతా చేరింది. ఎవరో పడుగు విప్పబోతే ఉరుకుందమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కొసకు పోయినాడు, వాపసు రాల్యా. గంజి ఆరిపోతాది అయివోరా, మీరు పట్టండి."

ఏనాడూ గంజి ముట్టని గోవిందయ్య కుంచె అందుకున్నాడు. అవతలి పక్క ఆమె నడిచింది. ఆ నలభై గజాల్లోనే ఆయన రెండుసార్లు ఆగి మళ్లీ నడిచాడు. ఇవతలి కొయ్య చేరాక కుంచె దించి, "చేరినాడమ్మా" అన్నాడు.

ఆ కొయ్యకు, పొద్దున గురప్ప విప్పి తగిలించిన తలగుడ్డ గాలికి నిండుగా పొంగి ఉంది.