నూట ఇరవై ఒకటో వరుస దాటాక

"కాలర్ గట్టిగా రుద్దు. మెత్తగా ఉంటే తప్పు చేసినవాడి చొక్కాలా ఉంటుంది," అన్నాడు నా భర్త, అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ.

రుద్దుతున్నాను. ఇస్త్రీపెట్టె బాగా కాగి ఉంది. నాలుగడుగుల దూరంలో ఆయన వీపు ఉంది. ఆ పెట్టెను ఆ వీపు మీద అదిమిపెట్టి పది లెక్కపెట్టాలని ఉంది నాకు. ఊరికే అనుకోవడం కాదు, కాలిన చర్మం వాసన కూడా ముక్కుకు తగిలింది. ఆడదానికి ఇలాంటి కోరికలేమిటని ఎవరైనా అడిగితే, ముందు నా కింది పెదవి చూసి అడగమంటాను. నిన్న సాయంత్రం అది ఫ్రిజ్ అంచుకు తగిలి చీలింది. ఫ్రిజ్ నా దగ్గరికి నడుచుకుంటూ రాలేదు.

"సంతకం పెట్టావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"తొమ్మిదిన్నరకి విచారణ. ఇంతలా ఆలోచించడానికి అదేమన్నా పెళ్లిసంబంధమా?"

ఆ కాగితం భోజనాల బల్ల మీద ఉప్పు సీసా కింద ఉంది. ఆయనే టైపు చేసి తెచ్చాడు. 'మా పై అధికారికి చెప్పకుండా ఫైలులో మార్పులు చేశాను. జరిగిన ప్రమాదానికి బాధ్యత నాదే.' పై అధికారి అంటే ఆయనే. మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో, ఒకే ప్లానింగ్ ఆఫీసులో పనిచేస్తాం. ఆయన ఇన్‌చార్జి, నేను డేటా ఎంట్రీ. ఇంట్లో ఏమండీ అంటాను, ఆఫీసులో సార్ అంటాను. ఎలా పిలిచినా చీవాట్లు మాత్రం ఒకటే.

ఆ ఫైలు నేను రాసిందే, కాదనను. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లందరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఎక్సెల్ జాబితా అది. షిఫ్టు మారినా, మెషీన్లు ఆపినా, నడిపినా, ఒక్క బటన్ నొక్కితే అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్లేలా మాక్రో, అంటే కంప్యూటర్ వరసగా పాటించే ఆదేశాలు, రాశాను. ఆఫీసులో టైమ్ ఎక్కడిది? పప్పు ఉడికేలోపు, వాషింగ్ మెషీన్ తిరిగేలోపు, అత్తయ్య టీవీ చూసే గంటలో, ఇంట్లో కూర్చుని రాశాను. మాక్రోకి ఏ గడి నుంచి ఏ గడి దాకా చదవాలో చెప్పాలి. దాన్నే రేంజ్ అంటారు. సి2 నుంచి సి121 దాకా అని అంకె వేసేస్తే ఆ రోజుకి పని అయిపోతుంది. కానీ మనుషులు వస్తారు, పోతారు. అందుకని నేను అంకె వెయ్యలేదు. జాబితా అడుగు నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లి, ఆఖరి పేరు ఎక్కడుందో కనిపెట్టి, ఆ వరుస నంబరును ఒక వేరియబుల్‌లో, అంటే పేరు పెట్టిన ఖాళీ డబ్బాలో, దాచమన్నాను. రేంజ్ ఎప్పుడూ అక్కడి దాకా సాగుతుంది. ఎందరు కొత్తగా చేరినా ఎవరూ బయట పడిపోరు. ఆ వేరియబుల్‌కి 'చివరిమనిషి' అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు పెట్టినరోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మెచ్చుకునేవాళ్లు లేక నన్ను నేనే మెచ్చుకుని, కుక్కర్ దించాను.

ఆయన దాన్ని తనదిగా పైవాళ్లకు చూపించాడు. అది మాకు మామూలే. కాకపోతే చూపించేముందు నన్ను అడిగాడు, "ఈ చివరిమనిషి ఏంటి? ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?" అని. వివరించబోతే, "నాకు పాఠాలు చెప్పకు," అన్నాడు. మర్నాడు ఆఫీసులో తెరిచి చూస్తే చివరిమనిషి లేడు. ఉన్నచోట 121 ఉంది. మొదటి వరుసలో హెడ్డింగులు, కింద నూట ఇరవై మంది. అప్పటికి సరిగ్గా సరిపోయింది.

"అలా పెట్టకండి, రేపు కొత్తవాళ్లు చేరితే వాళ్లకి మెసేజ్ వెళ్లదు," అన్నాను, ఇంటికొచ్చాక.

"చేరినప్పుడు చూద్దాంలే. నీకు అన్నీ ముందే కనపడతాయి, కూరలో ఉప్పు తప్ప."

ఆ మాటకు అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల తర్వాత ప్యాకింగ్‌లో పద్నాలుగు మంది ఆడవాళ్లు చేరారు. 122 నుంచి 135 దాకా వాళ్ల పేర్లు నేనే ఎక్కించాను. "సార్, ఆ అంకె మార్చాలి," అన్నాను, అందరి ముందూ. "నీ పని నువ్వు చూసుకో," అన్నాడు, అందరి ముందూ. మాక్రోకి తాళం వేసి పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున ప్యాకింగ్‌లో సరుకు మోసే బెల్టులు ఆపి తుడుస్తారు. పోయిన గురువారం రిపేరువాళ్లు వచ్చి, పదకొండింటికి బెల్టు నడిపి చూస్తామన్నారు. ఎవరూ దగ్గరికి వెళ్లొద్దని మెసేజ్ పెట్టారు. నూట ఇరవై మందికి వెళ్లింది. అందరికీ తెలుసుననుకుని ఎవరూ కాపలా నిలబడలేదు. కొత్తగా చేరిన జడమ్మ, నడుం దిగే జడ ఉందని అందరూ పెట్టిన పేరది, గుడ్డ పట్టుకుని బెల్టు కింద చెయ్యి పెట్టింది. ఆ కేక మా ఆఫీసు అద్దాల దాకా వినపడింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి రోలరు కింద చెయ్యి మోచేతి వరకూ నలిగిపోయింది. మెషీన్ ఆపడం తెలిసినవాడు టీ తాగడానికి వెళ్లాడు. నేనే ఎర్ర బటన్ గుద్దాను. ఆ చెయ్యి బయటికి తీసినప్పుడు దాన్ని చెయ్యి అనడానికి ఏమీ మిగల్లేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. ఆమె కళ్లు తెరిచి, "మేడమ్, మెసేజ్ వచ్చిందంట కదా అందరికీ. మరి నా ఫోనే పాడైందేమో," అంది. తప్పు తనదే అన్నట్టు మొహం పెట్టింది. నాకు అక్కడే గోడకు తల బాదుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి, "నిజం చెబుదామండీ," అన్నాను. అప్పుడే జుట్టు పట్టుకుని ఫ్రిజ్‌కేసి కొట్టాడు. ఒకసారి కాదు. కొడుతూ నచ్చజెప్పాడు కూడా. "నీ ఉద్యోగం పోతే ఏముంది, ఇంట్లో ఉంటావు. నా ఉద్యోగం పోతే ఇల్లే పోతుంది." అత్తయ్య తన గదిలోంచి వచ్చి, నేల మీద నెత్తురు చూసి, తడిగుడ్డ నా చేతికే ఇచ్చింది. "వాడికి కోపం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడకూడదమ్మా. వంటింటికి రెండు తలుపులున్నాయి కదా," అంది. నా నెత్తురు నేనే తుడిచాను. తుడుస్తూ అనుకున్నాను, ఈ ఇంట్లో నేను చచ్చినా నేల శుభ్రం చేసే చావాలి.

చొక్కా ఇచ్చాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఆయన దాన్ని సంతకమనుకున్నాడు.

విచారణ గదిలో మేనేజరు, సేఫ్టీ ఆఫీసరు, యూనియన్ నాయకుడు, జడమ్మ వాళ్ల అన్న, ఒక మూల కంప్యూటర్ ముందు మాటలన్నీ టైపు చేస్తున్న క్లర్కమ్మ ఉన్నారు. నా పెదవి చూసి అందరూ తల దించుకున్నారు. "కాగితం తెచ్చారా?" అన్నాడు మేనేజరు.

"తెచ్చాను. సంతకం పెట్టలేదు, పెట్టను," అన్నాను. "ఆ ఫైలు ఇక్కడే తెరవండి. అడుగున ఒక పేరు చేరుస్తాను. ఎన్ని పేర్లు చేరినా అందరికీ మెసేజ్ వెళ్లేలా సార్‌ని సరిచెయ్యమనండి. రాసింది ఆయనేనని పోయిన ఏడు మెచ్చుకుని షీల్డు కూడా ఇచ్చారు కదా."

136లో పేరు చేర్చాను. ఆయన నవ్వుతూ కూర్చుని, పాస్‌వర్డ్ కొట్టి, 121 చెరిపి 136 వేశాడు. నేను ఇంకో పేరు చేర్చాను. 137 వేశాడు. ఇంకోటి చేర్చాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ప్రతి మనిషికీ ఇలా మారుస్తారా? మరి ఆ పద్నాలుగు మంది చేరినప్పుడు మార్చలేదే?" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

కీబోర్డు నా వైపు లాక్కుని, అంకె తీసేసి, నా రెండు లైన్లు మళ్లీ రాశాను. అడుగున పది పేర్లు ఒక్కసారే పోసి బటన్ నొక్కాను. పది పేర్లూ మెసేజ్ జాబితాలోకి వచ్చాయి. జడమ్మ అన్న స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇంతేనా? ఈ రెండు లైన్లు ఉంటే మా చెల్లి చెయ్యి ఉండేదా?" అన్నాడు.

"ఉండేది. నేను రాసినప్పుడు ఉన్నాయి. ఈయన తీసేశారు," అన్నాను.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. మా ఆయన చెయ్యి లేవడం చూశాను. ఎటు తప్పుకోవాలో నా ఒంటికి బాగా తెలుసు, కానీ కదల్లేదు. దెబ్బకు పెదవి మళ్లీ చిట్లి, నెత్తురు కీబోర్డు మీద పడింది. యూనియన్ నాయకుడు ఆయన రెండు రెక్కలూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. మూలన టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

నేను ఆ క్లర్కమ్మ వైపు తిరిగాను.

"ఇది కూడా రాయండి," అన్నాను.